వేషము కట్టిన బాల్యము

నటుడనగా, పెరిగి పెద్దవాడై, తన యిష్టము చొప్పున నొక వృత్తిని వరించి, పట్టణమున రంగస్థలముపై దీపముల వెలుగులో నిలుచువాడని మన యూహలో నొక చిత్రము స్థిరపడి యున్నది. ఆ చిత్రము నగరములు మన కిచ్చినది. ఇందూరు (నిజామాబాదు) సీమలో, విశేషించి కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెపట్టులలో, నటనకు ద్వారము బాల్యమే. నడక కుదిరి మాట తిరుగక మున్నే కాలికి గజ్జె కట్టి, ముఖమునకు అర్దళము పూసి, తెర వెనుక నిలువబెట్టిన బిడ్డయే యిచ్చటి నటుడు. ఆ బిడ్డకు ఆ విద్య యేమి యిచ్చినది, ఆ బిడ్డనుండి యేమి కొనిపోయినది అను రెండు ప్రశ్నలును విచారింపక మన జానపద రంగస్థల చరిత్రను వ్రాయుట సగము చరిత్రను వ్రాయుటయే యగునని నా విశ్వాసము.

ఈ రెండు ఊళ్లును 2016 అక్టోబరు 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోనివి; అంతకు ముందు నిజామాబాదు జిల్లాలోనివి. దోమకొండ సంస్థానము నేలిన కామిరెడ్డి పేరనే కామారెడ్డికి ఆ నామము కలిగినదని స్థానికులు చెప్పుదురు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున సికింద్రాబాదునుండి మన్మాడునకు పోవు రైలుబాట యీ యూరిమీదుగా సాగుటచే, చుట్టుప్రక్కల చెఱకుతోటల బెల్లమంతయు ఇచ్చటికి చేరి, కామారెడ్డి బెల్లపు బజారుగా ప్రసిద్ధి కెక్కినది. ఎల్లారెడ్డి అంతకన్న లోపలి యూరు. తాడ్వాయి, లింగంపేటల మీదుగా పోవు త్రోవలో అడవియు, చెఱువులును, వానకు ఎదురుచూచు మెట్టచేలును తగులును. ఆ వైపుననే 1923 మొదలు 1931 వఱకు మంజీర నదికి అడ్డముగా నిజాంసాగరమును కట్టిరి. బెల్లము వండుట ముగిసి, ధాన్యము గాదెల కెక్కి, ఎండలు ముదురకమునుపు రైతునకు చేతినిండ తీరికయు, చేటనిండ గింజలును ఉండు ఆ కొలదిమాసములే యీ సీమలో ఆటలకు, భాగోతములకు అదను. కళకు కాలమును నిర్ణయించినది పంటయే.

ఆ యదనున మొదట వేషము కట్టువారు పిల్లలు. ఫాల్గుణమాసమున కాముని పున్నమికి కొన్నిదినములు ముందుగా, వెన్నెల రాత్రులందు పిల్లలు గుంపులు గుంపులుగా చేతులలో కోలలు పట్టుకొని యింటింటికి పోయి జాజిరి ఆడుదురు. ఇంటి యజమానుని పేరు పాటలో నిమిడ్చి పొగడుట, ఈయని లోభిని చిన్నపాటి యెత్తిపొడుపుతో కదలించుట, దొరికిన గింజలును పైసలును జతపఱచి పున్నమినాడు కామదహనమునకు వినియోగించుట దాని పద్ధతి. పైకి చూచిన నిది పిల్లలాట. అయినను పరాయి వాకిట నిలిచి, ఎదుటివాని ముఖము చదివి, గొంతు తగ్గించియు పెంచియు వానిని మెప్పించు నేర్పు నటుని నేర్పే కదా! అట్లే పీర్ల పండుగ వచ్చినప్పుడు అలావా యను నిప్పుగుండము చుట్టును హిందువులు, ముస్లిములు అను భేదములేక ఆడుచుండగా, మ్రొక్కుబడి తీర్చుటకై తల్లులు తమ బిడ్డలను ఫకీరులుగా చేసి భిక్షమునకు పంపుదురు. కొందఱు కుఱ్ఱలు ఒంటికి రంగులు పూసికొని పులివేషము కట్టుదురు. తన పేరు, తన యిల్లు, తన కులము కొన్ని దినములపాటు ప్రక్కన పెట్టి మఱియొకడుగా తిరుగుట యెట్టిదో ఆ బిడ్డ ఆ వేడుకలో తెలిసికొనును.

జాజిరి ఆడిన బాలుడు కొంచెము ఎదిగిన తరువాత భాగోతములో చేరును. నేను చెప్పుచున్నది వృత్తికళాకారుల భాగోతమును గూర్చి కాదు; ఊరి రైతులు, సాలెలు, గౌండ్లు, మంగలులు కలిసి ఒక పంతులును కుదుర్చుకొని నేర్చుకొను యక్షగానమును గూర్చి. రాత్రి భోజనము లైన పిమ్మట చావడియందో గుడియరుగు మీదనో దీపము ముందు పెట్టి, పంతులు ఒక్కొక్క దరువును నోటితో చెప్పగా, అక్షరము రానివారు కూడ దానిని విని విని కంఠస్థము చేసెడివారు. ఇంకను గొంతు మాఱని, మీసము మొలవని బాలునికి ఆడువేషము. అంతకన్న చిన్నవానికి ప్రహ్లాదుడో, లోహితాస్యుడో, బాలకృష్ణుడో. చెర్విరాల భాగయ్య వంటి యక్షగానకర్తలు తెలంగాణ పల్లెల కనువుగా సులభశైలిలో వ్రాసిన కథలు అచ్చుపుస్తకములుగా ఊరూర చేరిన తరువాత, ఈ నేర్పు మఱింత విస్తరించినది.

ఇచ్చట నొక విషయమును కొంచెము నిలిచి చెప్పవలసి యున్నది. నిజాము పాలనలో సర్కారు పాఠశాలలలో బోధనాభాష ఉర్దూ. తెలుగు నేర్వగోరినవారు ఖాన్గీ (ప్రైవేటు) బడులను, వీధిబడులను ఆశ్రయించిరి. అవియు అన్ని యూళ్లలో లేవు. ఉన్నచోటను అన్ని కులముల పిల్లలకు ప్రవేశము లేదు. అట్టి దినములలో ఎల్లారెడ్డి తాలూకాలోని యొక కూలివాని కొడుకునకు కందపద్యమెట్లుండునో, ద్విపద యెట్లు నడచునో, హరిశ్చంద్రుడెవ్వడో, మాంధాత యెవ్వడో తెలిసినదనిన అది భాగోతము చలువయే. తాళము తప్పిన పంతులు చేతిలో దెబ్బ తప్పదు గనుక ఛందస్సు వాని యొంటికి పట్టినది. సంభాషణము తప్పిన ఊరు నవ్వును గనుక భాష వాని నాలుకకు పట్టినది. ఉర్దూ బడి వాకిలి తొక్కని బాలునికి భాగోతమే తెలుగు బడి యైనది. మన భాషాచరిత్రకారులు గ్రంథాలయోద్యమమునకును ఆంధ్రమహాసభలకును ఇచ్చిన గౌరవములో కొంతభాగమును గజ్జెకట్టిన ఆ పిల్లలకు, వారికి నేర్పిన పేరులేని పంతుళ్లకు ఇయ్యవలసినదని నేను నిస్సంశయముగా చెప్పుదును.

ఇక వంశపారంపర్యముగా నటనే జీవికగా గలవారు చిందువారు. ఇందూరు సీమ వారికి పుట్టినిల్లు వంటిది. మాదిగల కాశ్రితకులమైన వీరికి కొన్ని కొన్ని యూళ్లపై మిరాశిహక్కు ఉండెడిది. ఒకరి యూరికి మఱియొకరు పోరాదు. ఏటేట తమ వంతు ఊళ్లకు కుటుంబములతో, పెట్టెలతో, మద్దెలలతో వచ్చి, మాదిగవాడలో విడిది చేసి, ఆటలాడి, వారు సమర్పించు త్యాగమును స్వీకరించి మఱియొక యూరికి కదలుట వీరి ఆచారము. పగటివేళ గోసంగి వేషముతో జాంబపురాణము చెప్పి, ఆదిజాంబవుని వంశమువారి పుట్టుపూర్వోత్తరములను ఘనముగా కీర్తింతురు. ఎల్లమ్మ పండుగనాడు చిందు స్త్రీ ఎల్లమ్మ వేషము ధరించి నడచిన, ఊరు ఊరంతయు చేతులు మోడ్చును. రాత్రియైనచో తెల్లవాఱువఱకు సారంగధర, ప్రహ్లాద, బాలనాగమ్మ వంటి కథలు. ఇతర యక్షగాన సంప్రదాయములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండగా, చిందులో స్త్రీలు తామే రంగమెక్కుట గమనింపదగినది. స్త్రీ రంగమెక్కినప్పుడు ఆమె చంకనున్న బిడ్డ యెక్కడికి పోవును? ఆ బిడ్డయు రంగమునకే వచ్చును.

కావున చిందుబిడ్డకు ఒక ముహూర్తమున జరుగు రంగప్రవేశము లేదు. తల్లి ముఖమునకు రంగు పూసికొనుచుండగా ఆ రంగు గిన్నెలో వ్రేలు ముంచుట మొదటి పాఠము. తెర వెనుక, పెట్టెల నడుమ, మద్దెల మ్రోతలోనే నిద్రించుట రెండవ పాఠము. మూడవది తాళము పట్టుకొని వంతపాడుట. తేలికచెక్కతో చేసిన భుజకీర్తులును కిరీటమును పెద్దవారికి బరువు. పిల్లవానికి అవి ఆటవస్తువులు. ఇద్దఱు పట్టుకొనిన తెరగుడ్డ వెనుక పాత్రము పాదము తాటించుచు తన రాకను చాటుకొనుచుండగా ఆ తెర క్రిందినుండి తొంగిచూచు పిల్లలు ఒక్కొక్క పాత్రము నడకను ఆ పాదములను చూచియే గుర్తుపట్టుదురు. రాజు అడుగు వేఱు, మంత్రి అడుగు వేఱు, రాక్షసుని అడుగు వేఱు. వ్రాసి నేర్పిన యే పాఠ్యక్రమమును ఇంత సూక్ష్మమైన శిక్షణము ఇయ్యజాలదు. కాగడాల వెలుగు పోయి పెట్రోమాక్సు దీపములు వచ్చినను, వానిపై విద్యుద్దీపములు వచ్చినను, ఈ నేర్చుకొను పద్ధతి మాఱలేదు.

ఈ పద్ధతిలో పెరిగిన నటీమణియే చిందుల ఎల్లమ్మ. నిజామాబాదు జిల్లా పల్లెలలో బాల్యముననే రంగమెక్కి, స్త్రీపాత్రలును పురుషపాత్రలును ధరించి, 2005లో మరణించువఱకు చిందు భాగవతమునకు మాఱుపేరై నిలిచిన ఆమె, బడి చదువు పేరెఱుగని కుటుంబములో పుట్టియు వందలాది పద్యములను, దరువులను జిహ్వాగ్రమున నిలుపుకొనినది. ఆమె ఆట చూచినవారు ఆమె ముదిమిని మఱచిపోయెడివారు. బాల్యమున కండరములకు పట్టిన విద్య ముదిమిని లెక్కచేయదు. నటన విషయమున ఇది సత్యమనుటకు ఎల్లమ్మకు మించిన నిదర్శనము ఈ సీమలో నాకు కనబడదు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య 19,000కు పైగా ప్రదర్శనలిచ్చి 2024లో పద్మశ్రీ పురస్కారము నందుకొనుట, ఈ జాతి నటులకు రాజ్యము ఆలస్యముగానైనను చేసిన గౌరవము.

మన కథలే పిల్లలను రంగమునకు పిలిచిన వను మాట కూడ చెప్పవలెను. అగ్నిలో, విషములో, ఏనుగుల పాదముల క్రింద చెక్కు చెదరని ప్రహ్లాదుడు. తండ్రి తొడనుండి త్రోయబడి తపమునకు పోయిన ధ్రువుడు. యముని పాశమునకు లొంగని మార్కండేయుడు. అతిథికి ఆహారముగా సమర్పింపబడిన సిరియాళుడు. తండ్రి సత్యవ్రతమునకై అమ్ముడుపోయి పాముకాటున పడిన లోహితాస్యుడు. తండ్రి యశ్వమునే కట్టివేసిన కుశలవులు. వీరెవ్వరును కథలో అప్రధానులు కారు. పెద్దలు తప్పిన ధర్మమును పిల్లవాడు నిలువబెట్టుట ఈ కథల ప్రాణము. ఈ సీమకే చెందిన దోమకొండ ప్రభువు, 16వ శతాబ్ది కవి, కామినేని మల్లారెడ్డి తన షట్చక్రవర్తి చరిత్రములో చెప్పిన ఆరుగురు చక్రవర్తులలో హరిశ్చంద్రుడొకడు. కోటలోని పండితులు ఆ కావ్యమును చదివిరి. కోట వెలుపలి పల్లెవారు ఆ కథనే భాగోతముగా ఆడిరి. కాటిలో చంద్రమతి యొడిలో కదలక పడియుండవలసిన లోహితాస్యుడు మాత్రము రెండవచోటనే రక్తమాంసములతో కనబడినాడు. నిద్ర ముంచుకొనివచ్చు తెల్లవాఱుజామున, దోమలు కుట్టుచున్నను కదలక శవమై పడియుండుట అయిదేండ్ల బిడ్డకు ఎంత కఠినమైన నటనయో తలచి చూచినవారు అరుదు.

కోస్తా, రాయలసీమలలోను ఇదే ధర్మము నడచినది. కూచిపూడిలో పుట్టిన ప్రతి బాలుడును జీవితమున నొక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి నియమించెనని సంప్రదాయము. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు ఆరంభించిన సురభి నాటకసమాజములలో కుటుంబమే సమాజము, రంగమే ఉయ్యాల. ఆ సురభివారి ప్రహ్లాద నాటకమే 1932లో తెలుగువారి తొలి టాకీ భక్తప్రహ్లాదకు ఆధారమైనది. అందు లీలావతిగా నటించిన సురభి కమలాబాయి రంగస్థలపు బిడ్డ. ప్రహ్లాదుడుగా నటించిన సింధూరి కృష్ణారావు పసివాడు. తెలుగు వెండితెర పలికిన మొదటి కథకు నాయకుడు ఒక బాలుడగుట యాదృచ్ఛికము కాదు. జాతి రంగస్థల మంతయు అప్పటికే బాలుని చుట్టు తిరుగుచున్నది. 1936లో సి. పుల్లయ్య పిల్లలతో తీసిన సతీ అనసూయ చిత్రముతో వచ్చిన బాలిక కృష్ణవేణి, 1949లో మనదేశము చిత్రమును నిర్మించి నందమూరి తారకరామారావును తెరకు పరిచయము చేసినది. 1963 నాటి లవకుశ చిత్రములో కుశలవులుగా నటించిన బాలురు నాగరాజు, సుబ్రహ్మణ్యములను చూచుటకు ఊళ్లకు ఊళ్లు ఎడ్లబండ్లు కట్టుకొని పట్టణములకు పోయిన సంగతి ముసలివా రిప్పటికిని చెప్పుదురు. పల్లెభాగోతమునకు గట్టిదెబ్బ తగిలినదియు ఆ బండ్ల ప్రయాణములతోనే.

ఇంతవఱకు చెప్పినది ఈ విద్య బిడ్డకిచ్చిన దానిని గూర్చి. అది కొనిపోయిన దానిని గూర్చి చెప్పుటకు మనసొప్పకున్నను చెప్పక తప్పదు. నాట్యశాస్త్రమున భరతముని తన నూర్గురు కుమారులకు ఈ విద్య నేర్పెననియు, వారు ఋషులను వేషములలో నపహసింపగా ఋషులు కోపించి వారిని, వారి సంతతిని హీనస్థితికి దింపుచు శపించిరనియు కథ కలదు. తండ్రి విద్యయే బిడ్డకు శాపమైన ఆ కథ చిందువారి చరిత్రలో అక్షరాల జరిగినది. ఊరిమధ్య దేవుడై నిలిచిన బాలకృష్ణుడు తెల్లవాఱి రంగు కడిగికొనగానే అంటరానివాడు. రాత్రి హారతిపట్టిన చేతులే పగలు నీటిబావి దగ్గఱకు రావలదన్నవి. ఊరినుండి ఊరికి తిరుగు బిడ్డకు బడి లేదు. బడి లేనివానికి తాను కట్టిన వేషము తప్ప మఱియొక దారి లేదు. ఆడుబిడ్డల విషయమున మఱియొక ఘోరము కలదు. ఈ సీమలో నిరుపేద దళిత కుటుంబముల బాలికలను ఎల్లమ్మ, పోచమ్మల పేర జోగినులుగా అర్పించు దురాచారము ప్రబలియుండెను. దేవత పేరున ఆడించి, పాడించి, ఆ పసిబిడ్డలను ఊరి పెత్తందారులకు బలియిచ్చిరి. సంఘసంస్కర్త హేమలతా లవణం నిజామాబాదు జిల్లా వర్ని ప్రాంతమున చెల్లి నిలయమును నెలకొల్పి వారి పక్షమున పోరాడినది. 1988లో శాసనము ఆ యర్పణమును నిషేధించినది. బిడ్డ ఆడుట చూచి ఆనందించిన సమాజము ఆ బిడ్డ ఎదిగిన తరువాత ఏమైనదని అడుగలేదు. మన కళాచరిత్రలో క్షమింపరాని మౌనమిది.

హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమున చేరిన తరువాత తెలుగు బడులు వచ్చినవి. చిందువాని కొడుకు పలక పట్టినాడు. ఆనాటినుండి చిందు మేళములు క్షీణించుచు వచ్చిన వని కొందఱు కళాభిమానులు వగచుచుందురు. ఆ వగపును నేను పంచుకొనజాలను. మేళము క్షీణించినదనుట నిజమే. కాని ఒక బిడ్డ చదువుకొనుటచే నశించు కళ యుండిన, ఆ లోపము బిడ్డది గాని చదువుది గాని కాదు. కళను బడి వెలుపల నిలిపిన వారిది. నేటి శాసనములు కూడ ఈ రెంటి నడుమ నొక త్రోవను చూపుచున్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డకు చదువును హక్కుగా నిచ్చినది. బాలకార్మిక నిషేధ చట్టమునకు 2016లో చేసిన సవరణము బిడ్డలు బడివేళల తరువాత కుటుంబవృత్తిలో సాయపడుటకును, బాలనటులుగా పనిచేయుటకును అనుమతించి, దానికి హద్దులు గీచినది. బాలనటుడు దినమునకు అయిదు గంటలకు మించి, విరామము లేక మూడు గంటలకు మించి పనిచేయరాదనియు, వాని సంపాదనలో కనీసము 20 శాతము వాని పేరనే నిలువచేయవలెననియు నియమములు చెప్పుచున్నవి. తెల్లవాఱులు లోహితాస్యుడై పడుకొనిన బిడ్డలకు ఈ నియమములు ఒక నూఱేండ్లు ముందుగా వచ్చియుండిన ఎంత బాగుండెడిది!

2022లో దోమకొండ కోట పునరుద్ధరణమునకు యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. పడిపోయిన గోడను మరల నిలుపుటకు ఏ కాలపు సున్నము, ఏ కాలపు రాయి కావలెనో ఎఱిగిన పనివారిని వెదకి తెచ్చిరి. సంతోషము. ఆ శ్రద్ధలో పదవవంతు ఆ కోటనీడను ఆడిన మనుష్యులపై చూపిన చాలును. కామారెడ్డి, ఎల్లారెడ్డి డివిజనులలోని ప్రభుత్వ పాఠశాలలలో ఏటేట వార్షికోత్సవములు జరుగుచున్నవి. పిల్లలు సినిమాపాటలకు నృత్యము చేయుచున్నారు. ఏకపాత్రాభినయమునకు ఎవరో వ్రాసిన నాలుగు వాక్యములు అప్పగించుచున్నారు. అడుగు చూచి పాత్రను గుర్తుపట్టగల చిందు వృద్ధులు, నూరేసి దరువులు నోటికి వచ్చిన భాగోతపు పంతుళ్లు ఇంకను కొందఱు ఆ పల్లెలలోనే బ్రదికియున్నారు. వారిని నెలకు తగిన గౌరవవేతనముతో బడికి పిలిపించి, కులభేదము లేక పిల్లలందఱకు వారిచేత పాఠము చెప్పింపవలెనని జిల్లా విద్యాధికారులను, ఉపాధ్యాయులను, ఊరిపెద్దలను నేను ప్రార్థించుచున్నాను. ఆ వృద్ధుల వయస్సును తలచి, ఈ పనిని వచ్చు ఏటికి వాయిదా వేయక, ఈ యేటి కాముని పున్నమికే ఆరంభింపుడు.